ఊడని ముడి

భూమినీ సముద్రాన్నీ నమ్మకంతో మన చేతికి అప్పగించిన దేవునికి స్తోత్రం.

మా సంఘపెద్ద ఓడరేవులో కళాసీగా పనిచేసి రిటైరయ్యారు. రోజూ ఉదయం నాతో కలిసి యారాడ తీరంలో తన కుక్కను తిప్పేవారు. అది దొడ్డికి వెళితే ప్లాస్టిక్ కవరుతో ఎత్తి, క్రేనుకు సరుకు కట్టినంత శ్రద్ధగా ముడి వేసి, సముద్రంలో కలిసే గెడ్డలోకి విసిరేవారు. అంతా శుభ్రమైపోయినట్టు చేతులు దులుపుకునేవారు.

"పాత పేపరుతో ఎత్తి గోతిలో పూడ్చండి, అన్నయ్యగారూ" అని ఎన్నిసార్లు చెప్పానో.

"పేపరుకి ముడి పడదు తమ్ముడూ" అనేవారు.

ఆయన విసరడం రోజూ చూసే ఒక మత్స్యకార స్త్రీ, ఒకనాడు గంపతో నేరుగా మా దగ్గరికి వచ్చింది. వలలో పడిన చేపల మీద ఆ కవర్లు చిరిగి ఉన్నాయి.

"ఏటి బాబూ ఇది? ఈ కంపు సేపలు ఎవులు కొంతారు? ఈ పూట నా పిల్లలకి ఏటి ఎట్టమంతావు?"

ఆయన వంగి చూశారు.

"కవరు సిరిగింది గానీ, ముడి ఊడిందేటి?" అన్నారు గర్వంగా.

ఆమె గంపంతా ఇసుకలో గుమ్మరించి వెళ్లిపోయింది.

ఆ ఆదివారం సంఘంలో సృష్టిని కాపాడమని ప్రార్థన చేసింది ఆయనే. నా నోట ఆమేన్ రాలేదు.

ఆయన ఇప్పుడు ప్రభువు సన్నిధిలో ఉన్నారు. నా కోపం మాత్రం ఇక్కడే ఉంది. ఆ తల్లి పిల్లలు ఏ పూటా పస్తుండకూడదనీ, ఆయనను క్షమించే మనసు నాకు రావాలనీ మీరూ నాతో కలిసి ప్రార్థించండి.