జీపు కింద మా బావ

మా ఆఫీసు మేనేజరుగారు కొత్తగా ఇల్లు కట్టుకుని, ఓ ఆదివారం మమ్మల్ని భోజనానికి పిలిచారు. మా అక్కతో పాటు బావ కూడా వచ్చాడు. చెయ్యి కడుక్కొచ్చి కూర్చోబోతూ, కుర్చీ వీపుని రెండు చేతులా పట్టుకుని ఒకసారి ముందుకీ వెనక్కీ ఊపాడు. కుర్చీ వెనకకాలు ఊడి నేలమీద పడింది. బావ దాన్ని తీసి, రుమాలుతో తుడిచి, మేనేజరుగారి చేతిలో పెట్టి, "ఇది ముందునుంచీ వదులేనండీ, నేను బయటపెట్టానంతే" అన్నాడు. మేనేజరుగారు ఆ కాలు పట్టుకుని నిలబడే మాకు కొసరి కొసరి వడ్డింపజేశారు. ఆ ఏడాది నా ప్రమోషన్ సంగతి ఇక్కడ అప్రస్తుతం.

మా బావకి ఉన్నది ఒక్కటే అలవాటు. కీలు ఉన్న వస్తువు ఏది కనబడినా పట్టుకుని ఊపి చూస్తాడు. తలుపు, గేటు, గొడుగు, మడతమంచం, ఎవరిదైనా సరే. ఊపి, తల కాస్త పక్కకి వంచి, చెవి అటు పెట్టి, "ఊఁ" అంటాడు. ఆ "ఊఁ" పొట్టిగా ఉంటే వస్తువు బతికినట్టు. పొడుగ్గా ఉంటే దాని యజమాని మొహం చూడలేం. అక్కతో పెళ్ళి కుదిరిన రోజున నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చి, ఆ చెయ్యి వదలకుండా మోచేతి దాకా ఊపి చూసి, పొట్టిగా "ఊఁ" అన్నాడు. నేను పాసయ్యానని చాలా ఏళ్ళకి గాని నాకు అర్థం కాలేదు.

ఆయనది కళ్ళజోళ్ళ దుకాణం. అందులో కీలుదే పెత్తనం గనక అలవాటు అక్కడే ముదిరింది. వచ్చిన మనిషి కుర్చీలో సర్దుకునేలోపే బావ ఆయన మొహం మీంచి కళ్ళజోడు లాక్కుని చెవి దగ్గర పెట్టుకుని ఊపుతూ ఉంటాడు. లోకమంతా మసకబారిపోయిన ఆ పెద్దమనిషి, బావ అనుకుని గోడమీది కేలెండరుతో తన చూపు సంగతి చెప్పుకుంటూ ఉంటాడు. ఒకసారి పన్ను కదులుతోందని పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళి, నోరు తెరవడానికి ముందు ఆయన నెత్తిమీది దీపాన్ని ఊపి, "మీదే ఎక్కువ కదులుతోందండీ" అని చెప్పి వచ్చాడు. మా ఇంటికి ఆయన వస్తున్నాడని తెలిస్తే మా ఆవిడ తలుపులన్నీ బార్లా తీసి ఉంచుతుంది. మూసి ఉంటేనే కదా పట్టుకునేది అని ఆవిడ లెక్క.

ఇంతవరకూ నవ్వుకునే వ్యవహారమే. అక్క కోసం జీపు కొన్నాక నవ్వులాట పోయింది.

అక్క నర్సు. ఊరి అవతల కొండమీద ఒక చిన్న ఆసుపత్రి ఉంది. అక్కడ ఉన్న నర్సు మానేశాక ఎవరూ వెళ్ళలేదు. పైకి బస్సు లేదు. సగం దూరం మామూలు వీధులే, మిగతాది రాళ్ళూ గోతులూ, మధ్యలో ఒక వాగు. అక్క పట్టుబట్టి ఆ పోస్టు అడిగింది. సొంత బండి ఉండాలి, వచ్చే నెల మొదటి సోమవారానికి చేరాలి, లేకపోతే ఆసుపత్రికి తాళం వేసేస్తాం అన్నారు పైవాళ్ళు. అందుకని ఒక పాత జీపు కొని, గోతుల్లో కడుపు తగలకుండా దాని ఎత్తు పెంచారు. ఎత్తు పెంచేసరికి స్టీరింగు నుంచి చక్రాలకి వెళ్ళే కడ్డీలు వాలుగా తిరిగి, వాటి కొసల్లో ఉండే పాత జాయింట్లు ఆ వాలుకి తిరగలేక పట్టేయడం మొదలుపెట్టాయి. కొత్తవి ఎంచుకోవాలి. కీళ్ళు ఎంచుకునే పని మా బావ చేతికి వచ్చిందన్నమాట.

వర్క్‌షాపులో మెకానిక్ మా ఇద్దరికీ రెండు రకాలు చెప్పాడు. ఒకటి చేతికిచ్చాడు. ఉక్కు కడియంలో ఉక్కు గుండు, పైన మూతా గీతా లేకుండా తళతళలాడుతోంది. పోటీల బండ్లకి ఇవే వేస్తారని, ఎంత వాలుకైనా తిరుగుతాయని, బలానికి లోటు లేదని, కాకపోతే దుమ్మూ వాననీళ్ళూ నేరుగా గుండు దగ్గరికి పోతాయి గనక ఊళ్ళో రోజూ తిరిగే బండికైతే తరచూ చూసుకుంటూ ఉండాలని చెప్పాడు. రెండోది మామూలు కార్లకి ఉండేలాంటిదే, కాస్త లావుది. లోపల గ్రీజు, పైన రబ్బరు టోపీ. కాని ఈ వాలుకి సరిపడా తిరిగేది తన దగ్గర లేదని, తెప్పించాలని, ఎప్పుడొస్తుందో చెప్పలేనని అన్నాడు.

"చేతిగడియారంలా మెరిసిపోతోంది బావా, ఇదే వేయించు" అన్నాను నేను, నాకేదో తెలిసినట్టు.

"గడియారాన్ని ఎవరైనా బురదలో పెట్టుకుంటారటోయ్" అన్నాడు బావ.

అయినా రెండో రకం తెప్పించమని చెప్పి, అప్పటికి మెరిసేవే వేయించాడు. వేయించి అక్కకి బండి ఇవ్వలేదు. తనే వాడడం మొదలుపెట్టాడు. వానలో, దుమ్ములో, సందుల్లో, దుకాణానికి నాలుగడుగుల దూరం కూడా జీపులోనే. సాయంత్రం ఇంటికి రాగానే అక్కని స్టీరింగు దగ్గర కూర్చోబెట్టి, చొక్కా విప్పేసి, గోనెపట్టా పరుచుకుని బండి కిందికి దూరేవాడు. అక్క స్టీరింగు కొద్దికొద్దిగా అటూ ఇటూ తిప్పాలి. ఆయన కింద పడుకుని జాయింటు మీద అరచెయ్యి వేసి ఉంచుతాడు. వీధిలో వాళ్ళకి కనబడేది ముఖం మాడ్చుకుని కదలని బండి నడుపుతున్న మా అక్క, దాని కింద రెండు పాదాలు. "ఆయనకేం కాలేదు కదమ్మా" అని అడిగినవాళ్ళకి సమాధానం చెప్పలేక అక్కకి తల తిరిగిపోయేది.

ఇది చాలదని ఆదివారాలు ఇసుక బస్తాలు వేసుకుని కొండ దాకా వెళ్ళొచ్చేవాడు. ఎందుకంటే చెప్పడు.

ఒక సాయంత్రం కిందనుంచి మాట వినబడింది.

"తెలిసిందా?"

"నాకేం తెలియలేదు."

"మళ్ళీ తిప్పు. ఇదిగో. ఇక్కడ."

"నేనిక్కడ కూర్చుంటే అక్కడ నాకెలా తెలుస్తుందండీ?"

బావ బయటికి వచ్చాడు. ఒళ్ళంతా మట్టి. పొడుగ్గా "ఊఁ" అన్నాడు. గుండుకీ కడియానికీ మధ్య వెంట్రుకవాసి వదులు వచ్చిందట. మర్నాడు మెకానిక్ చూసి, ఇప్పటికి ప్రమాదమేమీ లేదు, ఇంకా తిరగొచ్చు అన్నాడు. బావ మాత్రం రెండో రకం వచ్చేదాకా అక్కకి తాళంచెవి ఇచ్చేది లేదన్నాడు. సోమవారం నెత్తిమీదికి వచ్చేసింది.

అక్క సాధారణంగా కేకలేసే మనిషి కాదు. ఆ రోజు కూడా వేయలేదు. అన్నం వడ్డిస్తూ, "మీ వెంట్రుకవాసి కోసం నా ఉద్యోగం పోతుంది. కొండమీద వాళ్ళు మందుబిళ్ళ కోసం మళ్ళీ దిగిరావాలి. మీకు నచ్చింది వచ్చాక ఆ జాయింటుకే ఉద్యోగం ఇప్పించండి" అంది. బావ గరిటె పిడిని ఒకసారి ఊపి చూసి, వడ్డించుకున్నాడు. అక్క లేచి నాకు ఫోన్ చేసింది. "నువ్వొచ్చి చెప్పరా. నేను చెబితే ఆయన చెవికి ఎక్కేటట్టు లేదు. నేను ఊగితే గాని వినరేమో."

ఆదివారం పొద్దున్నే, నచ్చజెప్పే మాటలన్నీ దారిలో వల్లించుకుంటూ వెళ్ళాను. బావ బస్తాలు సర్దుతున్నాడు. జీపు ఎక్కి కూర్చున్నాను. వెనక సీట్లో రెండు బస్తాలు కూర్చుని ఉన్నాయి, బెల్టులు పెట్టుకుని. మూడోది పొడుగ్గా పడుకుని ఉంది. దాని తల అనుకోదగ్గ చోట దిండు.

"ఈవిడెవరు బావా?" అన్నాను, వెటకారంగానే.

"నెలలు నిండినావిడ."

నేను వల్లించుకున్న మొదటి మాట మర్చిపోయాను. కొండ దారిలో బావ ప్రతి రాయినీ చుట్టుతిరిగి, వాగులో నీళ్ళు చిందకుండా దించి, అవతల ఎక్కించాడు. ఒక మలుపులో టిక్కుమని చిన్న చప్పుడైంది. స్టీరింగు ఆయన చేతిలో పిసరంత అటు జరిగింది. ఆయన వెంటనే అద్దంలోంచి వెనక్కి చూశాడు.

"చూశావా, ఆవిడ ఉలిక్కిపడింది."

బండి పక్కకి ఆపాడు. "ఇవేం చెడ్డవి కావోయ్. రోజూ కిందికి దూరి, తుడుచుకుని, చెయ్యేసి చూసుకునే వాడికి బంగారం. మీ అక్క చూస్తుందంటావా?"

"చెబితే చూస్తుంది."

"చూస్తానంటుంది. పైన మనిషి నొప్పులు పడుతూ ఉంటే ఎవరు చూస్తారు బండి కింద? చూడకూడదు కూడా. అందుకని, ఎవరూ చూడకపోయినా తన పని తాను చేసుకుపోయేది కావాలి."

"ఈ ముక్క అక్కతో అనొచ్చుగా."

"అంటే నేనే చూసుకుంటానంటుంది. ఆవిడకి ఉన్న పనులు చాలవా?"

నచ్చజెప్పడానికి వెళ్ళినవాణ్ణి, వెనక్కొచ్చేటప్పుడు మలుపుల్లో నేనే ఆ పడుకున్న బస్తా జారకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. ఇంటికొచ్చి, "బావ చెప్పేది సబబుగానే ఉందక్కా" అన్నాను. అక్క నావైపు జాలిగా చూసి, "నిన్ను కూడా ఊపేశారా" అంది.

మధ్యాహ్నం వర్క్‌షాపు నుంచి కబురు వచ్చింది, సరుకు దిగిందని. సెలవు రోజని మెకానిక్ సణుక్కుంటూనే షెడ్డు తలుపు తీశాడు. తలుపు మడతబందుని బావ ఊపబోతే, "ఇవాళ వద్దు సార్" అని చెయ్యి పట్టుకున్నాడు. రబ్బరు టోపీల జాయింట్లు బిగించి, చక్రాలు రెండు చివరలకీ తిప్పి, బండిని ఎత్తి దించి, ఎక్కడా పట్టెయ్యడం లేదని చూసుకుని, చక్రాల వరస సరిచేసి ఇచ్చేసరికి వీధిదీపాలు వెలిగాయి. బావ తాళంచెవి తెచ్చి అక్క చేతిలో పెట్టాడు. అక్క దాన్ని లాక్కుని లోపలికి వెళ్ళిపోయింది. కోపం ఇంకా ఉంది.

సోమవారం పొద్దున అక్క వెళ్ళింది. ఆ రోజంతా బావ దుకాణంలో ఎవరి కళ్ళజోడూ లాక్కోలేదట. వచ్చినవాళ్ళే తీసి ఇవ్వబోతే, "ఉండనివ్వండి" అన్నాడట. ఊళ్ళో ఇది పెద్ద వార్త. సాయంత్రం నేను వెళ్ళేసరికి గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు, గేటుని ముట్టుకోకుండా.

జీపు వచ్చి ఆగింది. అక్క దిగింది. మొహంలో అలసటా సంతోషమూ రెండూ ఉన్నాయి. ఆసుపత్రి తాళం తనే తీసిందట, వచ్చినవాళ్ళతో వరండా నిండిపోయిందట, జ్వరంతో ఉన్న ఒక ముసలాయన్ని కొండ దింపి పెద్దాసుపత్రిలో చేర్చి వచ్చిందట. ఇదంతా నాకు చెబుతోంది. చెప్పాల్సిన మనిషి కోసం చూస్తే, గోనెపట్టా పరుచుకుని అప్పటికే సగం బండి కిందికి వెళ్ళిపోయాడు.

అక్కకి ఒళ్ళు మండిపోయింది. నడుం మీద చేతులు వేసుకుని ఆ పాదాలతోనే అంది, "మొదటి రోజు ఉద్యోగానికి వెళ్ళొచ్చాను. ఎలా జరిగిందే అని నన్నో మాట అడగకుండా ముందు దాని కిందికి దూరడమేనా?"

కిందనుంచి బావ గొంతు నింపాదిగా వచ్చింది.

"ఇవాళ్టికి నువ్వు వచ్చేశావు కదా, రేపటి సంగతి దీన్ని అడుగుతున్నా."