సీటు మీది కర్చీఫు

మైలవరం నుంచి విజయవాడ వస్తున్న బస్సులో, ముఖాన బొల్లి మచ్చలున్న ఒక అమ్మాయి ఖాళీ సీటు దగ్గరకు రాగానే, కాలేజీ కుర్రాడొకడు అందులో కర్చీఫు వేశాడు.

"మావాళ్లొస్తారు. మచ్చలంటుకుంటే ఎలాగండీ?" అన్నాడు. అతని స్నేహితులు నవ్వారు.

చీరల మూటతో కూర్చున్న ఒక పెద్దావిడ లేచి, ఆ కర్చీఫును మడిచి అతని చేతిలో పెట్టింది.

"రానివాళ్ల కోసం వచ్చిన పిల్లని నిలబెడతావా బాబూ? నువ్వు కూర్చోమ్మా."

అమ్మాయి కూర్చుంది. ఆవిడ ఇబ్రహీంపట్నంలో దిగిపోయింది.

వెనక సీట్లోంచి నేను చూసిన ఆ కుర్రాడి దుర్మార్గాన్ని బస్సు నంబరుతో సహా డిపోకు రాశాను, జవాబు లేదు. నన్ను ఇప్పటికీ తొలిచేది మాత్రం అది కాదు. పెద్దావిడ దిగి బస్సు మళ్లీ కదలగానే, ఈసారి ఎవరూ ఏమీ అనకముందే, ఆ అమ్మాయి తనంతట తానే లేచి నిలబడింది.

"కూర్చోమ్మా," అన్నాను.

"పర్లేదండీ, దిగేది దగ్గరే."

భవానీపురం దాకా ఆమె నిలబడే ఉంది. ఆ సీటు ఖాళీగానే వచ్చింది.