దేవుడింటి మీద పొట్టేలు తోలు

గిద్దలూరు తాలూకాలో నతానియేలు ఉండే పల్లె చుట్టుపక్కల ఆయన చేతి తోలు తెలియని కాలు గానీ, కపిల బావి గానీ లేదు. చెప్పులైనా, కపిలకు నీళ్లు తోడే తోలు తొండాలైనా ఆయన కుట్టాల్సిందే. తంగేడు చెక్క నీళ్లలో తోళ్లు ఊరి ఎర్రబడేవి, వాటితోపాటు ఆయన మోచేతులూ ఎర్రబడేవి. ఆ తోలు వాసనను పెళ్లినాడు కూడా ఎవరూ వదిలించలేకపోయారు. ఆయన ఏ సందు మలుపులో ఉన్నాడో భార్య రూతమ్మ వాసన పట్టి చెప్పేది. ఇది ఫిర్యాదు కాదు, సౌకర్యం.

ఆయనకు చదువు రాదు. నిర్గమకాండంలో గుడారపు కొలతలు చదివేటప్పుడు కునుకు తీయడం ఆ పల్లె క్రైస్తవ సంఘంలో ఆచారం. ఒక ఆదివారం నతానియేలు ఆచారం తప్పి మేలుకొన్నాడు. మోషే దేవునికి వేయించిన గుడారం మీద ఎర్రరంగు పొట్టేలు తోళ్లు కప్పారని ఉపదేశి ప్రకాశరావు చదువుతున్నాడు.

"దేవుడింటికి గూడా తోళ్లు పదును చేసినోడు ఒకడున్నాడంటనే!" అన్నాడు ఇంటికొచ్చి.

"ఉండనీ. వానికీ ఒక పెండ్లాం ఉండే ఉంటాది, పాపం," అన్నది రూతమ్మ.

ఆ ఏడే పల్లెలో గుడి లేచింది. మట్టిగోడలు, నల్లమల బోదగడ్డి కప్పు. కనిగిరిలో బైబిలు చదువు చదివొచ్చిన ప్రకాశరావు కంటికి మాత్రం అది యెరూషలేము ఆలయానికి తమ్ముడు. వాకిట్లో రెండు వేపమొద్దులు నాటించి సొలొమోను స్తంభాల పేర్లే పెట్టాడు. స్థిరపరిచేవాడని ఒకదానికి యాకీను, బలం దేవునిదేనని రెండోదానికి బోయజు. బోయజుకు అప్పుడే చెదలు పట్టింది. వేదిక వెనక తెల్లని తెర కట్టి, దాని మీద భార్య ఎలీషబా చేత కెరూబులనే రెక్కల దూతలను కుట్టించాడు. ఆమె కెరూబులను ఎన్నడూ చూసి ఉండలేదు గనుక కోళ్లను చూసి కుట్టింది.

నతానియేలుకు ఒకటే కోరిక. తన తోలు ఇన్నాళ్లూ మనుషుల కాళ్ల కిందే ఉంది, ఒక్కసారి తలల పైన ఉండాలి. పొట్టేలు తోళ్లు ఎర్రగా పదును చేసి, ఒక్క దుప్పటిగా కుట్టి, ఉపదేశి దగ్గరికి పోయాడు.

"తోళ్లు గుడారానికన్నా. సొలొమోను ఆలయానికి దేవదారు పలకలు. మనది ఆలయం," అన్నాడు ప్రకాశరావు.

"అన్నేండ్లు తోళ్ల కింద కాపురముండి, ఇల్లు కట్టుకోంగానే తోలోణ్ణి మర్చిపోయినాడా అయ్యగారూ?"

"దేవుడు మర్చిపోడన్నా. వాసనను సంఘం ముక్కులు మర్చిపోవు."

ప్రతిష్ఠ నాడు నతానియేలు ఆ తోలును మోసుకొచ్చి గుడి వెనక కంచె మీద వేసి, వాకిట్లో నిలబడ్డాడు. ఆ ఏడు చినుకు లేదు. వానకోసం ఏ దేవుడైనా సరేనని రైతు గురవయ్య కూడా వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. సొలొమోను ఆలయాన్ని ప్రతిష్ఠించగానే మేఘం మందిరాన్ని నింపిందనీ, యాజకులు సేవ చేయలేక నిలిచిపోయారనీ ప్రకాశరావు చదివాడు. చదివాడో లేదో, ఉరిమింది. వాన దంచి కురిసింది.

గురవయ్య వాకిట్లోకి దూకి, "ఇంగో అధ్యాయం చదువు సామీ!" అని అరిచాడు.

కొత్త కప్పు సరిగ్గా కెరూబుల మీదే కారడం మొదలుపెట్టింది. నెలల తరబడి వాన కోసం ప్రార్థించిన నోటితో ఆపమని అడగడం ఎట్లా? ప్రకాశరావు చేతులెత్తి, ఆ యాజకుల్లాగే నిలిచిపోయాడు.

నతానియేలు తోలును భుజాన వేసుకున్నాడు. బోయజును నమ్మక, యాకీనును పట్టుకొని పైకెక్కాడు. కాసేపటికి ధార ఆగింది. పైనుంచి ఒక స్వరం వినిపించింది.

"అయ్యగారూ, ఇంకా కారతాందా?"

సభ అంతా ఒక్కసారిగా "ఆమెన్" అంది.

"లేదన్నా. ఇంక దిగు," అన్నాడు ప్రకాశరావు, కళ్లు తుడుచుకుంటూ.

"దిగితే తోలు గాలికి లేసిపోతాది. వాసనొస్తాందా?"

ఉపదేశి గట్టిగా ఊపిరి పీల్చాడు. "వస్తాంది. ధూపమనుకుంటాంలే!"

రాసుకొచ్చిన ప్రసంగం పక్కన పెట్టాడు. గుడారంలో బంగారమూ కెరూబులూ లోపల, ఎండకూ వానకూ ఓర్చే తోలు బయట. పైనుంచి చూసినవాడికి ఉత్త తోలే కనబడుతుంది, రక్షకుడు కూడా లోకానికి అట్లాగే కనబడ్డాడని చెప్పాడు. నతానియేలు కప్పు మీద బోర్లా పడుకొని, తడుస్తూ, మొత్తం విన్నాడు. అంత ఎత్తు నుంచి ప్రసంగం విన్నవాడు ఆ సంఘంలో మరొకడు లేడు.

ఆ తోలు ఎన్నో వానలు చూసింది. రూతమ్మకు మాత్రం ఇబ్బంది వచ్చిపడింది. వాసన పట్టి భర్త ఇంట్లో ఉన్నాడో గుడిలో ఉన్నాడో తెలుసుకోవడం ఇక ఆమె తరం కాలేదు. అడిగినవాళ్లకు, "గుడిలోనే ఉంటాడులే, చూడండి," అని నవ్వుతూ పంపేది.