జవాబివ్వని అంగడి వైద్యుడు

ఆత్మకూరు వరదయ్య ఎవరేమడిగినా జవాబు చెప్పడు. తిరిగి ప్రశ్నే వేస్తాడు.

పెళ్లిపీటల మీద పురోహితుడు గోత్రం అడిగితే, "నా గోత్రం తెలీకుండానే ఇంతదాకా తెచ్చినారా?" అన్నాడట. కాపురానికొచ్చిన కొత్తలో భార్య సీతమ్మ, "పులుసులో ఉప్పు సరిపోయిందా?" అంటే, "నీకెందుకు అనుమానమొచ్చింది?" అన్నాడు. ఆనాటి నుంచి ఆవిడ మొగుణ్ణి అడగడం మానేసి, ఖాళీ అయిన గిన్నెను బట్టి వంట సంగతి తెలుసుకునేది. బస్సులో కండక్టరు "ఎక్కడికి?" అంటే, "ఈ బస్సు ఎందాకా పోతాది?" అంటాడు. "ఉదయగిరి దాకా." "మధ్యలో దిగితే మీకేమన్నా కష్టమా?" కొన్నాళ్లకు ఆ కండక్టరు ఈయన్ని చూడగానే తోచిన ఊరికి టిక్కెట్టు చింపి చేతిలో పెట్టేసేవాడు.

ఇంతకీ ఈ పెద్దమనిషి చేసే పని ఏమిటంటే, సలహాలివ్వడం! నవ్వకండి. నెల్లూరులో టోకు వర్తకుల దగ్గర చాలాకాలం పనిచేసి వచ్చినవాడు. పందొమ్మిదివందల యాభైల తొలినాళ్లలో ఆ పనికి మావైపు పేరు కూడా లేదు. గిరాకీ పడిపోయిన అంగడివాడు కబురు పెడితే వెళ్లి, ఓ మూల కూర్చుని, చూసి, నాలుగు ప్రశ్నలడిగి వచ్చేవాడు. మంచం పట్టిన అంగడి లేచి తిరిగేది. జనమే 'అంగడి వైద్యుడు' అని పేరు పెట్టారు.

ఆయన మేనకోడలు చెంచులక్ష్మి. ఉదయగిరి పిల్ల. బడిపంతుల్ని చేసుకుని ఆత్మకూరు కాపురానికొచ్చింది. చురుకైనది, నోరు ఇంకా చురుకు. ఒకరోజు మామను పట్టుకుంది.

"మామా, నీ విద్య నాకు నేర్పు."

"నా దగ్గర విద్య ఉండాదని ఎవరు చెప్పినారు?"

"నేర్పుతావా, నేర్పవా?"

"నేర్చుకుని ఏం చేస్తావు?"

"నువ్వు ముసిలోడివైతే నీ బదులు నేను సతాయిస్తా జనాన్ని."

వరదయ్య పకపకా నవ్వి, ఆమెను బస్సులు ఆగే చోటున్న రోశయ్య కాఫీ హోటలుకు పంపాడు. హోటలు ఈగలు తోలుకుంటోంది. చెంచులక్ష్మి లోపల రోశయ్య భార్య వెంగమ్మ పక్కన కూర్చుని, పూటపూటా చూసి ఇంటికొచ్చేది.

"ఏం చూసినావు?"

"ఈగలు."

"ఈగలు ఏం చూసినాయి?"

ఆ ప్రశ్నకు మండిపడినా, మర్నాడు ఈగలు వాలే చోటే చూసింది. ఆకుల్లో సగం తిని వదిలేసిన ఇడ్లీలు! బస్సు హారన్ కొట్టగానే జనం చేతులు కడుక్కోకుండా లేస్తున్నారు. రోశయ్య గుమ్మానికి అడ్డంగా నిలబడి, "అన్నం పారేస్తావేందిరా? కూర్చో! తిని కదులు!" అని గద్దిస్తున్నాడు. ఒక పెళ్లికొడుకునైతే మెడలో దండతో సహా వెనక్కి లాక్కొచ్చి చట్నీ నాకించినంత పని చేశాడు. ఒకసారి తిట్లు తిన్నవాడు మళ్లీ ఆ గుమ్మం తొక్కుతాడా?

చెంచులక్ష్మికి రోగం దొరికింది. నోరాగలేదు. పదిమంది ముందు, "రోశయ్యన్నా, నీ హోటలు పాడయ్యేది నీ నోటివల్లే!" అనేసింది.

జనం నవ్వారు. రోశయ్య నవ్వలేదు. మర్నాడు పొయ్యి వెలగలేదు. వెంగమ్మ ఏడ్చుకుంటూ వచ్చింది. "మూసేస్తాడంట లచ్చిమీ. జలదంకి పోయి కూలి చేసుకుందామంటా ఉండాడు. ఆడపిల్ల నవ్వులపాలు చేసిందంట. ఈ పొయ్యి తప్ప మాకేముండాది?"

చెంచులక్ష్మి మామ దగ్గరికి పరుగెత్తింది. తను చెప్పిన మాట నిజమే. నిజం చెబితే కాపురం ఎందుకు కూలాలి? వరదయ్య కండువా వేసుకుని బయల్దేరాడు. ఆమె వెనకే నడిచింది.

రోశయ్య చల్లారిన పొయ్యి ముందు కూర్చుని ఉన్నాడు. వరదయ్య పక్కన చతికిలబడ్డాడు.

"రోశయ్యా, ఎవరన్నా అన్నం పారేస్తే నీకెందుకంత బాధ?"

రోశయ్య పొయ్యిలో బూడిద కెలికాడు. "కరువులో మాయమ్మ ఉన్న గంజి మాకు పోసి, తాను నీళ్లు తాగేదన్నా."

"మరి వాళ్లెందుకు పారేస్తా ఉండారు?"

"బస్సు ఆగదు గదా!"

"బస్సును నువ్వు ఆపగలవా?"

"నా మాట వింటాదా అది?"

"మరి ఇడ్లీ వింటాదా?"

"ఇడ్లీ ఏందన్నా, వినేది..." అంటూ రోశయ్య ఆగిపోయాడు. పొయ్యికేసి చూశాడు, రోడ్డుకేసి చూశాడు. చివాలున లేచాడు. "వెంగమ్మా! అరిటాకులు కొయ్యి! తినలేనోడికి పొట్లం కట్టిస్తా. బస్సులో తింటాడు!"

"అబ్బ! ఇంత మంచి ఆలోచన నీకెట్లా తట్టింది?" అన్నాడు వరదయ్య.

వారం తిరక్కుండా పొట్లాల కోసం బస్సు కిటికీల్లోంచి చేతులు చాచడం మొదలైంది. రోశయ్య దారిన పోయేవాళ్లందరికీ తన తెలివి చెప్పుకున్నాడు. ఆఖరికి వరదయ్యకే చెప్పాడు. వరదయ్య కొత్తగా విన్నట్టు నోరు తెరుచుకుని, "అట్లనా? ఆకు ఏ పక్కకు మడవాల?" అని అడిగాడు. రోశయ్య ఛాతీ పొంగించి మడిచి చూపించాడు.

పక్కనే ఉన్న చెంచులక్ష్మి మామ ముఖం చూసింది. ఈగల ముచ్చట నాటికే ఆయనకు అంతా తెలుసని ఆమెకు అప్పుడర్థమైంది. తెలిసినదంతా మింగి, ఎదుటివాడి చేత కక్కించి, పేరు వాడికే వదిలి వస్తున్నాడన్నమాట, ఇన్నేళ్లుగా! ఆమెకు ఎవరినైనా పట్టుకుని, "ఈయన మా మామ!" అని చెప్పాలనిపించింది.

ఆ తర్వాత ఉదయగిరి బట్టల వర్తకుడు మల్లికార్జునం నుంచి కబురొచ్చింది. ఆడవాళ్లు అంగడికి రావడం లేదట. వరదయ్య చెంచులక్ష్మినే పంపాడు. అరుగు మీద వర్తకుడి స్నేహితులు చుట్టలు కాలుస్తూ లోకాభిరామాయణం సాగిస్తుంటే, ఆ పొగ దాటి ఏ ఆడమనిషి లోపలికొస్తుంది? మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగి, "అన్నా, ఆడవాళ్లు ఏ దారిన లోపలికొస్తారు?" అని మాత్రం అడిగింది.

కొన్నాళ్లకు మల్లికార్జునం ఆత్మకూరు వచ్చి, వరదయ్య ఇంట్లో మజ్జిగ తాగుతూ చెప్పాడు. "అరుగు ఖాళీ చేయించినా. ఇప్పుడు అంగట్లో ఆడవాళ్లే! నీ మేనకోడలు మంచి పిల్లే గానీ వరదయ్యా, దానికేమీ తెలీదు. ఊరికే కూర్చుని నన్నే అడిగింది. కనుక్కున్నదంతా నేనే!"

లోపల సీతమ్మకు ఒళ్లు మండింది. చెంచులక్ష్మి ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది.

"పిల్ల ఒక్క మాట కూడా చెప్పలేదా?" అన్నాడు వరదయ్య.

"ఒక్కటీ లేదు!"

వర్తకుడు అటు వెళ్లగానే వరదయ్య కండువా దులిపి భుజాన వేసుకుని వీధిలోకి నడిచాడు. ఎదురొచ్చిన ప్రతివాణ్ణీ ఆపి, "మా పిల్ల ఉదయగిరి పోయొచ్చింది, తెలుసా?" అంటున్నాడు.

"ఏం సలహా చెప్పిందంట?"

"ఏమీ చెప్పలేదు!" అన్నాడు వరదయ్య, మీసం దువ్వుకుంటూ.