శుక్రవారాల భవనాలు

పెద ఓబుళపతి నాయుడు, ఆయన కొడుకు రంగపతి నాయుడు, ఆయన కొడుకు మా నాయన తండ్రి, జేజినాయన చిన ఓబుళపతి. చిత్రావతి ఒడ్డున ఏడూళ్ల కావలి మా ఇంటిది. మావాళ్ల మాట లేనిదే ఆ ఊళ్లలో పంట కళ్లం దాటేది కాదు. గొప్పకు చెప్పడం లేదు. మొన్న రియాద్‌లో మా ఆఫీసు కట్టిస్తున్న అతిథిగృహం గోడకు గడ్డి కలిపిన మట్టి పూస్తుంటే, ఆ తడివాసనకు వాళ్ల పేర్లు వరసగా గుర్తొచ్చాయి.

నేను రియాద్‌లోనే పెరిగాను. నాయన ఇఖామాలో, అంటే ఇక్కడ ఉండటానికిచ్చే అనుమతి కార్డులో, గుమాస్తా అని రాసి ఉండేది. శుక్రవారం మాత్రం ఆయన గుమాస్తా కాదు. నమాజు ముగిసి, దుకాణాల షట్టర్లు ఇంకా లేవని ఆ ఖాళీ వేళ, నాయన ఆఫీసు డ్రైవరు, ప్రొద్దుటూరు ఖాదర్ మామ కారు తెచ్చేవాడు. అమ్మ ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు గిన్నెకెత్తి గుడ్డ కట్టేది. చలికాలం ఎముకలు కొరికే గాలిలోనూ, ఎండాకాలం దుమ్ముకు ఆకాశం పసుపు తిరిగినా, మెడదాకా గుండీలు పెట్టిన తెల్లచొక్కాతో నాయన ముందు సీట్లో నిటారుగా కూర్చునేవాడు. చిత్రావతి ఒడ్డున మా ఊళ్లో కూలిపోయిన మా మేడ స్థలంలో మళ్లీ ఇల్లు లేపాలి, అది ఎవరి తీరులో ఉండాలో తేల్చుకోవాలి. అందుకని పేరుమోసిన వాస్తుశిల్పులు కట్టిన భవనాలన్నీ మాకు చూపించేవాడు.

చివరికి ఇద్దరు మిగిలారు. లోకానికి తెలిసిన పేర్లే, మా ఇంట్లో మాత్రం అద్దాలాయన, మట్టాయన. పడమటి దేశపు అద్దాలాయన తాను కట్టిన హాలుకు ఒక్క స్తంభమైనా పెట్టకుండా, పైకి లేవబోతున్న కొంగ రెక్కలా ఉక్కుతో కప్పు వంచి, నాలుగు వైపులా అద్దాలు దించాడు. ఉక్కు అంతవరకు చేయని పని దానిచేత చేయించాడు. అరబ్బు అయిన మట్టాయన కొత్తది ఏదీ చూపించినట్టే ఉండడు. ఈ ఎడారి పాత ఇళ్ల మందపాటి గోడలు, ముక్కోణపు కంతలు, నడుమ కప్పులేని వాకిలి తీసుకుని, గాలి ఎటునుంచి దూరి ఎటు పోతే చల్లబడుతుందో చూసుకుని, అయిదంతస్తుల కార్యాలయంగా నిలబెట్టాడు. అతని కొత్తదనం లోపలికి అడుగు పెట్టి చెమట ఆరిన తర్వాత గానీ తెలియదు.

నాయన కొలత వేరు. అద్దాల హాల్లో నిలబడి గొణిగేవాడు: "దీంట్లో పెద్దమనిషి యాడ కూచోవల్ల? వచ్చేటోడు మనల్ని ముందే చూసేస్తాడే!"

"నాయుడన్నా, ఈ ఊర్లో నిన్ను చూడనీకి వచ్చేదెవరు? నన్నయితే సిగ్నల్ కాడ పోలీసోడు ఒక్కడే చూసేది," అని ఖాదర్ మామ నవ్వేవాడు.

మట్టాయన భవనంలో గుమ్మం పైన బయటికి పొడుచుకొచ్చిన గూడు, దానికి కిందికి చూసే కంత ఒకటి ఉండేది. అచ్చం మా మేడకూ ఉండేదట. వచ్చినవాడెవరో పైనుంచి చూసుకున్నాకే తలుపు తీయించేవాళ్లు. దాని కింద నాయన ఛాతీ విరుచుకుని నిలబడేవాడు. "ఈయప్పే మనకు తగినోడు, పాపా," అనేవాడు నాతో.

సాయంత్రం మేం అద్దెకున్న ఇంటి మిద్దెమీద సుద్దముక్కతో నాయన ఊళ్లో లేపబోయే ఆ ఇల్లు గీసేవాడు. ఒక ఉగాదినాడు, ఓళిగలు తిన్న చేతులు కడుక్కుని అమ్మ పైకొచ్చింది. అన్ని శుక్రవారాలూ నోరు విప్పని మనిషి, సుద్ద అందుకుని వీధివైపు గోడను అడ్డంగా కొట్టేసింది.

"ఈడ గోడ వద్దు. అద్దం కావల్ల."

"అది ఆడోల్లు కూచునే తావు. బయటోల్లకు కనపడకూడదు."

"ఆ మేడ కంతలోనుంచే కదా నేను ఊరిని చూసింది! తేరు పోయేది దాంట్లోనే చూసినా. మా నాయన పాడె ఎత్తుకుపోయేదీ దాంట్లోనే చూసినా. వీధి చివర పుట్టినిల్లు, గడప దాటనిచ్చినారా మీవాల్లు? అద్దం పెడితే వస్తా. లేదంటే మీరు, మీ కంత."

నాయన ఆమె చేతిలోని సుద్ద తీసుకుని జేబులో వేసుకున్నాడు. తర్వాతి శుక్రవారం కారు నేరుగా అద్దాల హాలుకు పోనిమ్మన్నాడు. అమ్మ నల్ల అబాయాతో హాలు నట్టనడుమ మెట్టుమీద కూర్చుని, ఎండకు మొహం అప్పగించి, వచ్చేపోయే వాళ్లందరినీ తీరిగ్గా చూసింది. నాయన చాలాసేపు అద్దం వారన నిలబడి, పోయి ఆమె పక్కన కూర్చున్నాడు.

"వెలుతురు బాగనే ఉండాది," అన్నాడు.

ఆ సాయంత్రం మిద్దెమీద మూడు వైపులా మట్టాయన గోడలు, వీధివైపు నిలువెత్తు అద్దం గీశాడు. అంతకంటే కొత్త ఇల్లు నేను ఇంతవరకూ చూడలేదు.

ఇప్పుడు నా బల్లమీదికి వచ్చే నక్షాలన్నీ పేరుమోసిన వాళ్లవే. ఒకరు భవనాన్ని పటికముక్కల్లా పేరుస్తారు, ఒకరు గుడ్డలా మడుస్తారు, ఒకరు కాంక్రీటుకు మట్టి పూసి పూర్వీకుల తెలివి అంటారు. సరిచూసి సంతకం పెడతాను, కళ్లు నొప్పెడతాయి. మేం అద్దెకున్న ఇల్లు రోడ్డు వెడల్పులో కలిసిపోయింది. ఖాదర్ మామ వీసా ముగించుకుని ఎగ్జిట్ మీద ప్రొద్దుటూరు వెళ్లిపోయాడు. అమ్మా నాయనా లేరు. ఊళ్లో ఇల్లు లేవలేదు. ఆ ఉగాది తర్వాతి వేసవిలోనే నాయన తమ్ముడు, మా చిన్నాయన ఒత్తిడి మీద నాయన అమ్మకం కాగితాలమీద సంతకం చేశాడు. మేడ స్థలం, బావి, వెనక చింతతోపు, అన్నీ బండలు కోసే ఫ్యాక్టరీకి అమ్మేశారు.