పక్కింటి మూకుడులోని నూనె

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో, మా ఆవిడ రెండో కాన్పుకి ఆరో నెలలో ఉండగా రక్తపరీక్షలో షుగరు తేలింది. అమలాపురంలో మేం చూపించుకునే డాక్టరుగారు నెమ్మదైన మనిషి. "కంగారు పడకండి. కడుపుతో ఉన్నప్పుడు కొందరికి వస్తుంది, కాన్పయ్యాక చాలామందికి పోతుంది. తీపి మానాలి, అన్నం తగ్గించాలి, వేపుళ్ళు వద్దు. రెండు వారాల్లో దిగకపోతే ఇన్సులిన్ మొదలెడదాం" అన్నారావిడ.

మా ఆవిడ సూది పేరు వింటేనే కళ్ళు మూసుకునే మనిషి. బస్సులో మా ఊరు కొత్తపేట వచ్చేదాకా ఒకటే మాట: "రోజూ నాకు నేనే పొడుచుకోవాలా?"

ఆస్పత్రిలో నూనె సంగతి అడిగింది మాత్రం నేను. కొబ్బరికాయల కొట్టులో లెక్కలు చూసేవాణ్ణి. చదువు పదితో ఆగినా, రాశి చూసి కాయలెన్నో చెప్పడం నాకు నేనే నేర్చుకున్నాను. కొలత లేని సలహా నా బుర్రకెక్కదు. "నువ్వులనూనె అయినా వేరుశనగనూనె అయినా మంచిదే, మనిషికి రోజుకి మూడు చిన్న చెంచాలు మించకండి" అన్నారు డాక్టరుగారు. అమ్మ, మేమిద్దరం, పెద్దపిల్ల, నలుగురం. పన్నెండు చెంచాలు. పొద్దున్నే గ్లాసులో కొలిచి పొయ్యి పక్కన పెట్టేవాణ్ణి.

అమ్మ గ్లాసు వంక చూసి, "ఇది వంటకా, దీపారాధనకా నాన్నా?" అంది. అయినా ఆ గ్లాసు దాటలేదు. ఇన్నాళ్ళూ గానుగ నూనె ధారగా పోసిన చేత్తోనే వంకాయలకి మూతపెట్టి ఆవిరి మీద మగ్గించడం మొదలెట్టింది.

వారం పోయాక చూస్తే షుగరు దిగలేదు సరికదా, ఓ పిసరు పెరిగింది. మా ఆవిడ ముఖం చిన్నబోయింది. గ్లాసు లెక్క తప్పలేదు, అన్నం లెక్కా తప్పలేదు. మరెక్కడ?

ఆ సాయంత్రం పక్కింటి పిన్నిగారు డబ్బాతో వచ్చేరు. కడుపుతో ఉన్న పిల్లని చూడ్డానికి మావైపు వట్టి చేతులతో ఎవరూ రారు.

"తీపి వద్దన్నారటగా అమ్మాయ్, అందుకే జంతికలు చేశాను. పంచదార రవ్వంత లేదు."

మా ఆవిడ మొహమాటపడుతూనే రెండు నోట్లో వేసుకుంది. నేను వంటింట్లోకి వెళ్ళి అటక వంక చూద్దును కదా, చెగోడీలు, చెక్కలు, కారప్పూస! షుగరు మాట బయటకి పొక్కినప్పట్నుంచీ అందరూ తీపి మానేసి కారం పట్టుకొస్తున్నారు. చాలామటుకు బియ్యప్పిండే, అన్నీ నూనెలో దేవినవే. కంచంలో తగ్గించిన అన్నం పిండి వేషంలో తిరిగొస్తోంది. మా మూకుడు లెక్క సరిగ్గానే ఉంది. పక్కింటి మూకుడు లెక్కలోకే రాలేదు.

"తేవద్దని చెప్పేద్దామమ్మా" అన్నాను.

"తప్పురా. ప్రేమగా తెచ్చింది తిప్పి పంపితే మళ్ళీ మన గుమ్మం తొక్కుతారా?"

మర్నాడు అమ్మ వీధి అరుగు మీద కూర్చుని నలుగురూ వినేలా చెప్పింది: "మా కోడలికి ఆనపకాయ మీదకి మనసు పోయిందండీ. జంతికలు నోటికి సహించట్లేదు."

కడుపుతో ఉన్న పిల్ల కోరిక తీర్చకపోతే మావాళ్ళకి నిద్ర పట్టదు. సైకిలు హ్యాండిళ్ళకి వేలాడుతూ కొన్ని, చంకన పసిపిల్లల్లా కొన్ని, ఆనపకాయలు రావడం మొదలెట్టాయి. పాలు పోసి కూర, పెసరపప్పుతో ఒకటి, పులుసు, తొక్కతో పచ్చడి.

"అత్తయ్యగారూ, లోకంలో ఎవరికైనా ఆనపకాయ మీద కోరిక పుడుతుందా? మామిడికాయ అనకూడదా?" అని మా ఆవిడ తల పట్టుకుంది.

"సూది కావాలా, ఆనపకాయ కావాలా?"

"ఆయ్, ఆనపకాయేనండి."

ఆ వారం చివర పరీక్ష కాగితం చూసి డాక్టరుగారు నవ్వేరు. "సూది అక్కర్లేదు. ఏం చేస్తున్నారో అదే చెయ్యండి" అన్నారు. మా ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. కాన్పయ్యేదాకా అదే చేశాం. ఆడపిల్ల, సులువుగా పుట్టింది. తల్లికి షుగరూ పోయింది.

పురిట్లో చూడ్డానికి వచ్చిన పిన్నిగారి చంకలో మళ్ళీ ఆనపకాయ! మా ఆవిడ మంచం మీంచే చేతులు జోడించింది.

"పిన్నిగారూ, ఆ కోరిక తీరిపోయిందండీ. ఇప్పుడు మీ జంతికల మీదకి మళ్ళింది. రెండే తేండి, మా ఆయన లెక్కపెడతారు."