బయట గడియ పెట్టిన గదిలో ఎంట్రన్స్ పరీక్ష

దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళంటే నాకు మొదటినుంచీ ఒళ్ళుమంట. ఫిజిక్స్ చదువుకున్నదాన్ని. ఎవరైనా మొదలుపెడితే ఆధారం చూపించమని నోరు మూయించేదాన్ని. ఇప్పుడు నా దగ్గరున్నది ఆధారమో కాదో నాకే తెలియడం లేదు.

రెండేళ్ళ క్రితం ఒక పెద్ద యూనివర్సిటీలో ఎమ్మెస్సీ సీటు కోసం ఎంట్రన్స్ రాశాను. వేలమంది రాస్తారు, గుప్పెడు మందికి ఇస్తారు. రాకపోతే మావయ్యగారి రొయ్యల మేత కొట్లో లెక్కలు చూసుకోవాలని నాన్న ముందే తేల్చేశారు.

పరీక్ష ఇంటినుంచే, ల్యాప్‌టాప్‌లో. మా ఊళ్ళో నెట్ అంతంతమాత్రం కాబట్టి పాలకొల్లులో మా మేనత్త ఇంటికి వెళ్ళాను. మేడ మీద కొబ్బరికాయలు పోసే గది ఖాళీ చేసి ఇచ్చింది. పిల్లలు తోసుకుని వచ్చేస్తారని బయట గడియ పెట్టి, నా ఫోన్ కూడా తీసుకుని కిందికి వెళ్ళిపోయింది. ఒకటే తలుపు, ఊచల కిటికీ. మొదలుపెట్టే ముందు కెమెరా తిప్పి నాలుగు గోడలూ చూపించాను. మిట్టమధ్యాహ్నం, లైటు కూడా అక్కర్లేదు.

కుర్చీలోంచి లేవకూడదు, తల తిప్పకూడదు, గదిలో రెండో మనిషి ఉండకూడదు. మూడు వార్నింగులు పడితే పరీక్ష ఆగిపోతుంది. మొదలయ్యాక కెమెరాలో నేనెలా కనిపిస్తున్నానో నాకు తెలియదు. ఎక్కడో ఆఫీసులో కూర్చుని మమ్మల్ని కనిపెట్టుకుని ఉండే ఒకాయనకే తెలుస్తుంది.

సగం ప్రశ్నలయ్యాక ల్యాప్‌టాప్‌లోంచి ఆయన గొంతు వినిపించింది.

"మేడమ్, మీ వెనకున్న ఆవిడని బయటికి పంపించండి. ఇది ఫస్ట్ వార్నింగ్."

"ఎవరూ లేరండి. బయట గడియ పెట్టుందండి," అంటూనే వెనక్కి తిరగబోయాను. తలుపు అంచు కనిపించిందో లేదో, తల తిప్పినందుకు రెండో వార్నింగ్ పడింది.

ఇంక తిరగడానికి లేదు. తిరిగితే సీటు పోతుంది. అత్తయ్యని కేకేద్దామంటే, ఆవిడ వచ్చినా రెండో మనిషే. ఏడుపొచ్చేసింది. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో వెనకున్నదానికన్నా మూడో వార్నింగ్ అంటేనే ఎక్కువ భయం వేసింది.

"ఏవండీ, మీరెవరైనా సరే, కాస్త పక్కకి వెళ్ళండి. నాకీ సీటు కావాలండి," అన్నాను, స్క్రీన్ మీదనుంచి కళ్ళు తీయకుండా.

"థాంక్యూ మేడమ్. కంటిన్యూ చేయండి," అన్నాడాయన కాసేపటికి.

తలుపు తెరుచుకున్న చప్పుడు మాత్రం నేను వినలేదు. అంటే వెళ్ళిన మనిషి గదిలోనే ఎక్కడో ఉండాలి. మిగిలిన గంటా అలాగే రాశాను. అత్తయ్య వచ్చి గడియ తీశాకే తల తిప్పాను. గదిలో ఎవరూ లేరు. తను మధ్యలో పైకి రాలేదని, పెట్టిన గడియ పెట్టినట్టే ఉందని అత్తయ్య పిల్లల మీద ఒట్టేసింది.

అందరికీ రిజల్ట్స్ వచ్చాయి, నాది ఆపేశారు. తర్వాత యూనివర్సిటీనుంచి ఒక పెద్దాయన ఫోన్ చేశారు.

"వీడియో చూశామమ్మా. అందులో మాటలు వినపడవు కానీ, ఆవిడ నీకు జవాబులేమీ చెప్పలేదు, పెదవే కదపలేదు. స్క్రీన్ వైపు చూడనే లేదు, నిన్నే చూస్తూ నిలబడింది. ఇంట్లోవాళ్ళైతే ఈసారికి వదిలేద్దామనుకుంటున్నాం. ఆవిడ నీకేమవుతుంది?"

ఎవరూ లేరంటే అబద్ధమంటారు. తెలియదంటే ఎవర్నో తెచ్చి కూర్చోబెట్టుకున్నానంటారు. ఆవిడ ఎలా ఉందండీ అని అడగడానికి కూడా దారి లేదు.

"మా పెద్దమ్మండి," అన్నాను.

సీటొచ్చింది. ఇప్పుడు హాస్టల్ గదిలో కూర్చునే ఇది రాస్తున్నాను. కెమెరా మసకేమో, గోడ మీద నీడేమో అని సర్దిచెప్పుకుంటూ ఉంటాను. కానీ ఒకరికొకరు తెలియని ఇద్దరు చూసి, ఇద్దరూ ఆవిడ అనే అన్నారు. అదెలాగో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

మా అమ్మే ఇంటికి పెద్ద కూతురు. నాన్నకి అన్నల్లేరు. నాకు పెద్దమ్మలే లేరు. ఎవరో తెలియకుండా వరస కలిపింది నేనే. ఆ వరస ఆవిడ ఒప్పుకుందేమోనని నా భయం.